గట్ల ఆఫీసూ, నా తాడూ

మొన్న మండలాఫీసులో వాతావరణ మార్పుల మీద రైతులకు సదస్సు అని పిలిస్తే వెళ్లాను. గోడకు తెర కట్టి రంగురంగుల బొమ్మలు వేశారు. మాట్లాడినాయన కుర్రవాడే, చూడ్డానికి మంచివాడిలాగే ఉన్నాడు. కానీ ఒక మాట అన్నాడు. వెనకటి రోజుల్లో నేల గురించీ నీటి గురించీ మన రైతులకు అవగాహన లేదట, ప్రభుత్వానికీ పట్టలేదట. నా పక్కన కూర్చున్నవాళ్లు అవునవునని తలలూపారు. వాళ్లంతా ఎవరనుకున్నారు? మా ఊరి గుట్ట వాలులో గట్లు వేయించుకున్నవాళ్ల కొడుకులూ మనవలూ. నేను లేచి, "బాబూ, తప్పు" అన్నాను. "తాతగారూ, ప్రశ్నలు ఆఖర్లో అడగండి" అన్నారు. ఆఖర్లో భోజనాలు పెట్టారు గానీ ప్రశ్నల ఊసెత్తలేదు. మైకు ఎలాగూ ఇవ్వలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

పట్టలేదట! ఎనభైల్లో మాకు గట్ల ఆఫీసు ఉండేది. దాని అసలు పేరు రేకు బోర్డు మీద బారెడు పొడుగున రాసి ఉండేది, భూమీ సంరక్షణా అంటూ. అంత మాట చేలల్లో ఎవరు పలుకుతారు? గట్లు వేయిస్తుంది కాబట్టి గట్ల ఆఫీసు. నూజివీడులో ఒక అద్దె పెంకుటిల్లు అది. ముందు వసారాలో టైపు మిషను టకటకలాడుతుండేది. వెనక పెరట్లో నల్ల సంచుల్లో నేరేడు, సీతాఫలం, మామిడి అంటు మొక్కలు వరసగా పేర్చి ఉండేవి. వెళ్లి అడిగితే ఒక కాగితం మీద సంతకమో వేలిముద్రో వేయించుకుని మొక్కలు ఇచ్చేవారు. దాంతోపాటు ఒక కరపత్రం కూడా ఇచ్చేవారు. జనం మొక్కలు పట్టుకుని, కరపత్రాన్ని చుట్ట ముట్టించుకోవడానికి వాడుకునేవారు. నేను మాత్రం ఒక్కటీ వదిలేవాణ్ని కాదు. నా బడి చదువు నాలుగో తరగతితో సరి. ఆ తర్వాతి చదువంతా ఆ కరపత్రాలూ, పకోడీ పొట్లాల కాగితాలూ, గ్రంథాలయంలో అట్టలూడిన పుస్తకాలూ.

అయితే చుట్టుపక్కల నాకు పేరొచ్చింది చదువు వల్ల కాదు, తాడు వల్ల. కొత్తగా మామిడి తోట వేసేవాళ్లు గుంటలు తీయించేముందు నాకు కబురు పంపేవారు. నా దగ్గర ముళ్లు వేసి పెట్టుకున్న కొబ్బరితాడు ఒకటుండేది. ఒక పక్క మూడు బారలు, ఇంకో పక్క నాలుగు బారలు, ఐమూలగా అయిదు బారలు వచ్చేట్టు లాగితే చేను మూల కచ్చితంగా కుదురుతుంది. ఒక తాపీ మేస్త్రీని చూసి నేర్చుకున్నాను. నేను తాడు పట్టి పుల్లలు పాతానంటే, తర్వాత ఎన్నేళ్లకైనా సరే, నిలువునా చూసినా అడ్డంగా చూసినా ఐమూలగా చూసినా చెట్లన్నీ మొదటి చెట్టు వెనక దాక్కోవాలి. దాక్కునేవి. ఆగిరిపల్లి నుంచీ రెడ్డిగూడెం నుంచీ కూడా వచ్చి నన్ను సైకిల్ మీద ఎక్కించుకుపోయేవారు. అప్పట్లో మావైపు తోట అందాన్ని ముందు వరసలో చూసేవారు, ఆ తర్వాతే కాయ. బస్సులో పోతూ పోతూ కిటికీలోంచి చూసి, "ఎవరు పట్టారో గానీ తాడు!" అనేవారు. ఆ మాట నా చెవిన పడిన రోజు నాకు అన్నం సహించేది కాదు, అంత పొగరు.

మా అక్క తోట ఊరికి పడమటి దిక్కున, గుట్ట కింద వాలులో ఉండేది. రెండెకరాల పైచిలుకు. అన్నీ చిన్నరసం మామిళ్లే, ఆవిడ మామగారు వేసినవి. బావ పోయిన తర్వాత అక్కా, ఆవిడ మరిదీ కలిసి చూసుకునేవారు. అతను నాకంటే నాలుగేళ్లు పెద్ద, నేను అతన్నీ బావా అనే పిలిచేవాణ్ని, అతనూ నన్ను అలాగే. తోట మధ్యలో, కాస్త పల్లంగా ఉన్నచోట ఒక చెట్టు ఉండేది. ఊరందరికంటే ముందు దానికే పూత, దానికే కాయ. తొలి చెట్టు అనేవాళ్లం. దాని కాయలు పది రోజులు ముందే దిగేవి. అక్క వాటిని చీకటి గదిలో ఎండుగడ్డి పరిచి, పైన గోనె కప్పి ముగ్గబెట్టేది. మూడో రోజుకి ఆ గది తలుపు సందులోంచి వాసన వీధిలోకి వచ్చేది. వీధిన పోయేవాళ్లు ఆగి, "ఏమ్మా, తొలి చెట్టు ముగ్గిందా?" అని అడిగి మరీ వెళ్లేవారు. గడప దగ్గర గొంతుక్కూర్చుని, కాయను రెండు చేతుల మధ్యా పిసికి, ముచిక తీసి, మొదటి చుక్క కింద విదిలించి నోట్లో పెట్టుకుంటే రసం మోచేతుల దాకా కారేది. ఆ వేసవుల్లో మా చొక్కాలన్నిటికీ ఆ మరకలే. ఉతికితే పోయేవి కావు, పోవాలని మేం కోరుకున్నదీ లేదు.

తర్వాత రెండేళ్లు వరసగా వానలు ముఖం చాటేశాయి. పడిన ఒకటీ అరా వాన కూడా గుట్ట మీంచి దూకి, వాలులో మట్టినంతా కోసుకుని వాగులోకి పోయేది. వాగు ఎర్రగా పొంగుతుంటే మేం వంతెన మీద నిలబడి, అబ్బ ఎంత నీరో అని సంబరపడేవాళ్లం. ఆ పోయేది మా చేనేనని ఒక్కడికీ తోచలేదు. ఆ సదస్సు కుర్రవాడన్న మాటలో ఆ ముక్క మటుకు నిజం. ఒప్పుకుంటాను.

అక్క తోటలో మట్టి పోయి పోయి, చెట్ల వేళ్లు మోకాళ్లెత్తుకుని కూర్చున్నట్టు బయటపడ్డాయి. కొమ్మల చివర్లు ఎండాయి. ఆ ఏడు పూత వచ్చింది వచ్చినట్టే మాడిపోయింది. గుత్తకు తీసుకుంటామని ఒక్కరూ రాలేదు. ఎండలు ముదిరాక ఒకరోజు బావ కలప అడితి వాళ్లను తీసుకొచ్చాడు. వాళ్లు చెట్టుచెట్టుకూ మొదట్లో కావిరంగుతో అడ్డగీత పెట్టారు. అక్క తోటకొచ్చేసరికి సగం చెట్లకు గీతలు పడ్డాయి.

"ఏంటయ్యా ఈ బొట్లు?" అంది.

"ఎండిపోయాక కొడితే పొయ్యిలోకే వదినా. పచ్చి ఉండగా కొడితే పలకలన్నా అవుతాయి."

"పచ్చిగా ఉందని నువ్వే అంటున్నావు, నరుకుతానని నువ్వే అంటున్నావు. ఒక్క వానాకాలం ఆగు. చిగురు రాకపోతే గొడ్డలి నేనే నూరి తెచ్చిస్తా."

"వానాకాలమంటే వాన పడాలి గదా!"

"ముందు పడిందాన్ని ఆపుకోవాలి గదా!"

ఆ మాట ఎక్కడ విని అందో, నేను చదివి వినిపించిన కరపత్రాల్లోంచి వచ్చిందో తెలీదు. మర్నాడు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని నూజివీడు గట్ల ఆఫీసుకు వచ్చింది.

ఆ ఆఫీసు నుంచి మా వాలు చూడ్డానికి వచ్చినాయన్ని మేం గట్ల సారు అనేవాళ్లం. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మా వైపువాడు కాదు, మాట వేగం. సైకిల్ వెనక మూడుకాళ్ల స్టాండూ, పెట్టెలో దుర్బిణీ, హ్యాండిల్‌కి పెరుగన్నం క్యారేజీ. వాలంతా కాలినడకన రెండుసార్లు ఎక్కి దిగి, చెమట తుడుచుకుంటూ అన్నాడు: "అమ్మా, మీ ఒక్క తోటలో గట్టు వేస్తే లాభం లేదు. నీళ్లు పైనుంచి వస్తున్నాయి. ఈ వాలులో ఆరుగురివి ఉన్నాయి. ఆరుగురూ ఒప్పుకుంటేనే."

ఆరిళ్లూ తిరిగింది అక్కే. ఒకాయన గట్టు తన చేలో మట్టి తింటుందన్నాడు. ఒకాయన పక్కవాడు సంతకం పెడితే పెడతానన్నాడు, ఆ పక్కవాడూ అదే మాటన్నాడు. అక్క ఇద్దర్నీ ఒకే అరుగు మీద కూర్చోబెట్టి, ఇద్దరి చేతుల్లోనూ ఒకేసారి కలాలు పెట్టింది. అలా అయింది ఆ కాగితం.

గీత గీసే రోజున అంకెల కర్ర పట్టుకున్నది నేను. సారు దుర్బిణిలోంచి చూస్తూ పైకి జరగమని, కిందకి జరగమని చెయ్యూపేవాడు. కర్ర మీద ఒకే అంకె ఎక్కడెక్కడ కనిపిస్తే అక్కడల్లా ముగ్గు పోశాం. అంటే ఆ గీత పొడుగునా నేల ఒకే ఎత్తులో ఉన్నట్టు. అలాంటి గీత మీద గట్టు వేస్తే నీళ్లు ఏ పక్కకీ పరిగెత్తకుండా ఉన్నచోటే ఇంకుతాయని ఆయన లెక్క. సాయంత్రానికి వాలుకి అడ్డంగా తెల్లటి గీత పడింది. ఎక్కడా నాలుగు బారలు తిన్నగా లేదు. వంగి, మెలికలు తిరిగి, ఒకచోట వెనక్కి పోయి మళ్లీ ముందుకొచ్చింది.

కాపు లేక కాయ కోత పనులు పోయిన ఆడవాళ్లే గట్టు పనికొచ్చారు. ఆ జట్టుకి పెద్ద ఒక ముసలావిడ, నోటికి హద్దుండేది కాదు.

"ఏం సారూ, పొద్దున్నే ఏమన్నా పుచ్చుకుని గీశారా ఏంటండీ ఈ గీత?"

"నేనేం గీయలేదు పెద్దమ్మా. నేల ఎటు పోతే అటు పోయింది. నేలనడుగు."

"అయితే నేల పుచ్చుకుందంటారు!"

జట్టంతా తట్టలు దించి నవ్వారు. సారూ నవ్వాడు. నేను నవ్వలేదు.

పని మొదలైన రెండో రోజున ఆయనకు జిల్లా ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. తాడు పట్టేవాణ్ని కదా, నన్ను మేస్త్రీ అనేవాడు, వెళ్తూ వెళ్తూ పక్కకి పిలిచాడు. "మేస్త్రీ, మూడు రోజులు నేనుండను. ముగ్గు మీంచి జానెడు కూడా పక్కకి పోనివ్వకండి. మీ మీద వదిలేసి వెళ్తున్నా."

అలాగేనండీ అన్నాను.

అక్క తోటలోకి వచ్చేసరికి ఆ గీత మరీ అన్యాయంగా ఉంది. తొలి చెట్టున్న పల్లం దగ్గర అది గుట్ట వైపుకి పైకి పోయి, పెద్ద వంపు తిరిగి కిందకొచ్చింది. చెట్ల వరసల్ని ఐమూలగా కోసేసింది. బావ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏం బావా, తాడు పట్టేవాడివి నువ్వుండగా మా తోటలో ఈ వంకరేంటి? ఎద్దులు ఎక్కడ తిరగాలి? నాగలి నెత్తిన పెట్టుకు మోయాలా?"

"సారు గీసిందే."

"సారు మామిడి తోట ఎప్పుడన్నా దున్నాడా?"

నిజం చెప్పాలంటే అతను ఆ మాట అనకపోయినా నేను ఆ పనే చేసేవాణ్ని. ఎందుకంటే గీత గీసిన రోజున, కర్ర ఇంకొకరికిచ్చి దుర్బిణిలోంచి నేనూ ఒకసారి చూశాను. అందులో అన్నీ తలకిందులుగా కనిపించాయి. కర్ర తలకిందులు, కర్ర పట్టుకున్న మనిషి తలకిందులు, గుట్ట ఆకాశంలోంచి వేలాడుతోంది. అప్పటి దుర్బిణులు అలాగే చూపించేవని నాకేం తెలుసు? లోకాన్ని తలకిందులుగా చూపించే పెట్టె చెప్పింది నమ్మాలా, పదిహేనేళ్లుగా పదూళ్ల తోటలకు గీతలు పట్టిన నా కన్ను చెప్పింది నమ్మాలా? ఇంటికెళ్లి తాడు తెచ్చాను. రెండు వరసల మధ్య, తోట ఈ కొస నుంచి ఆ కొసకి, నారి లాగినట్టు లాగాను. ముగ్గు తుడిపించి కొత్త ముగ్గు పోయించాను. మూడోనాటికి అక్క తోటలో మట్టి తవ్విన కాలవా, ఆ మట్టితో గట్టూ పూర్తయ్యాయి. అంత తిన్నటి గట్టు ఆ వాలులో ఇంకెక్కడా లేదు. చుట్ట వెలిగించుకుని రెండు కొసల నుంచీ చూసుకున్నాను.

నా ఖర్మకొద్దీ ఆ సాయంత్రమే జీపు వచ్చింది. పై ఆఫీసరు పనులు చూడ్డానికి వచ్చాడు. ఆయన వెనకాలే మా గట్ల సారు. పై ఆఫీసరు వాలులో వంకర గట్లన్నీ ముఖం చిట్లించుకుని చూసి, అక్క తోటలోకి రాగానే ఆగిపోయాడు.

"ఇదయ్యా పనంటే! చూడ్డానికి ఎంత నీటుగా ఉంది! మిగతావన్నీ ఇట్లా చేయించొచ్చుగా?"

"సార్, ఇక్కడ లెవెల్..." అని మా సారు ఏదో అనబోయాడు.

"లెవెల్‌కేంటి, బ్రహ్మాండంగా ఉంది." ఆయన నన్ను గట్టు పక్కన నిలబెట్టి ఫొటో కూడా తీయించాడు. ఆ ఫొటో ఏ ఫైల్లో ఉందో, చెదలన్నా తిన్నాయో లేదో.

జీపు వెళ్లాక మా సారు ఉండిపోయాడు. గట్టు వెంట నడుచుకుంటూ పల్లం దాకా వెళ్లి, అక్కడ గొంతుక్కూర్చుని అరచెయ్యి నేలకి ఆనించి చూశాడు. "మేస్త్రీ, వానొచ్చేలోపు దీన్ని మార్చాలి."

"మీ పై సారే మెచ్చుకున్నారు గదండీ" అన్నాను.

ఆయన లేచి చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు. మనుషుల కోసం ప్రయత్నించాడని తర్వాత తెలిసింది. జట్టు అప్పటికే ఇంకో ఊరి పనికి వెళ్లిపోయింది.

మృగశిర కార్తె వచ్చిన వారంలోపే, మధ్యాహ్నం భోజనాల వేళ పట్టుకుంది వాన. రెండేళ్ల వాన ఒక్కసారే కురిసినట్టు కురిసింది. గోనె నెత్తిన వేసుకుని తోటకి పరిగెత్తాను. పక్క తోటల్లో వంకర గట్ల వెనక నీళ్లు నిలబడి, వాన చినుకులకు బుడగలు వేస్తున్నాయి. పరుగెత్తే నీళ్లు ఆగడం నేను మొదటిసారి చూశాను. అక్క తోటలో మాత్రం ఆగలేదు. నా గట్టు పొడుగునా రెండు కొసల నుంచీ నీళ్లు నడుచుకుంటూ పల్లంలోకి వచ్చి చేరాయి. అక్కడ పెరిగి పెరిగి, గట్టు పెదవి దాటాయి. ముందు గుప్పెడంత మట్టి జారింది, తర్వాత తట్టెడు, ఆ తర్వాత బండి పట్టేంత గండి. ఆ నీళ్లన్నీ కలిసి కింద ఉన్న తొలి చెట్టు మొదట్లోకి దూకాయి. అక్క అప్పటికే అక్కడుంది. చెట్టుకి ఆనించి పెట్టిన తడిక పట్టుకుని నీళ్లకు అడ్డం పెట్టబోతుంటే నేను రెక్క పట్టుకుని ఇవతలకి లాగాను. చెట్టు ఒక్కసారి పడలేదు. ఒక పక్కకి ఒరిగి, కాసేపు అలాగే నిలబడింది. లోపల ఎక్కడో వేళ్లు ఒకటొకటే తెగుతున్న చప్పుడు వాన హోరులో కూడా వినిపించింది. తర్వాత కొమ్మల మీదికి మెల్లిగా పడుకుంది.

తెల్లారాక ఆరిళ్ల వాళ్లూ చేరారు. గట్ల సారు బురదలో సైకిల్ నెట్టుకుంటూ వచ్చాడు. అక్క ఆయన్ని చూడగానే అందుకుంది.

"ఏం సారూ! మిమ్మల్ని నమ్మి ఆరిళ్ల గడపలూ తొక్కాను. ఊళ్లో అందరి గట్లూ నిలబడితే నా తోటలోనే తెగిందేం? మీ దుర్బిణీ నా తోట దగ్గరకొచ్చేసరికి కళ్లు మూసుకుందా?"

సారు నావైపు చూశాడు. ఒక్కసారే. తర్వాత తల దించుకుని, "తప్పు జరిగిందమ్మా. నేను దగ్గరుండి చేయించాల్సింది" అన్నాడు.

బావ గొంతు సవరించుకున్నాడు. "నే చెప్పలా వదినా? సర్కారు పనులు ఇట్లాగే ఏడుస్తాయి. సోమవారం అడితి వాళ్లని రమ్మంటున్నా. ఇదొక్కటే కాదు, అన్నీ తీసుకుపొమ్మంటా."

ఎవరన్నారు ఆ మాట? నాగలి నెత్తిన పెట్టుకోవాలా అని నన్ను రెచ్చగొట్టినవాడు. నేనేం చేశాను? కాలి బొటనవేలితో బురద గీరుతూ నిలబడ్డాను. నలభై ఏళ్లుగా, సర్కారుకి పట్టదన్న ఆ మాట ఏ సభలో విన్నా, ఏ టీ కొట్టు దగ్గర విన్నా నాకు ఒళ్లు మండిపోతుంది. మండదా మరి? అది మా ఊళ్లో పుట్టిన రోజున పక్కనే నిలబడి నోరు మూసుకున్నవాణ్ని నేను.

గురువారం పడింది చెట్టు, శుక్రవారం పొద్దున ఈ మాటలు. శని, ఆదివారాలు నేను ఇల్లు కదల్లేదు. ఆదివారం పొద్దువాలుతుండగా ఇక ఉండబట్టలేక తోటకి వెళ్లాను. అక్క పడిపోయిన చెట్టు కొమ్మ మీద కూర్చుని, పూత మాడగా దానికి మిగిలిన నాలుగు కాయలూ కోసి ఒళ్లో పెట్టుకుని కత్తితో ముక్కలు తరుగుతోంది. నేను ఎదురుగా కూర్చున్నాను.

"అక్కా, ఆ గీత సారుది కాదు."

ఆవిడ తరగడం ఆపలేదు. "నాకు తెలుసురా. అంత తిన్నగా గీత పట్టేవాడు ఈ చుట్టుపక్కల నువ్వొక్కడివే."

"తెలిసే ఆయన్ని అన్ని మాటలన్నావా?"

"నువ్వు అడ్డం వస్తావేమోనని అన్నాను." ఒక ముక్క టెంక నుంచి ఊడదీసింది. "రాలేదు."

అంతకంటే తిట్టి ఉంటే బాగుండేది.

"రేపు పొద్దున్నే వెళ్లి ఆయన్ని తీసుకురా. అడితి వాళ్ల సంగతి నేను చూసుకుంటా" అంది.

వెళ్లాను. సారు ఆఫీసు పెరట్లో నల్ల సంచుల మొక్కలకి నీళ్లు పోస్తున్నాడు. ఉన్నదంతా చెప్పాను, దుర్బిణి తలకిందుల సంగతితో సహా. ఆయన డబ్బా కింద పెట్టి నవ్వడం మొదలుపెట్టాడు. కోపగించుకుంటాడనుకుంటే నవ్వుతాడేంటి మనిషి!

"అది ఆ రోజే మీకు చెప్పాల్సింది నేను. సరే పదండి, ఈసారి దుర్బిణి వద్దు."

గదిలోంచి చుట్టగా చుట్టిన సన్నటి గాజులాంటి ప్లాస్టిక్ గొట్టం తెచ్చాడు. తోటలో దాన్నిండా నీళ్లు నింపి, రెండు కొసలూ గీతలు పెట్టిన రెండు కర్రలకి కట్టాడు. రెండు కర్రల దగ్గరా గొట్టంలో నీళ్లు ఒకే గీతకి వస్తే రెండు చోట్లా నేల ఒకే ఎత్తు. "ఇందులో తలకిందులేం లేదు మేస్త్రీ, నీళ్లు మీ కళ్ల ముందే ఉన్నాయి. మీరే పట్టండి."

తోట గుమ్మంలో అక్క అడితి వాళ్లని నిలబెట్టి మాట్లాడుతోంది. "పడిందాన్ని తీసుకెళ్లండి. నిలబడ్డవాటి జోలికి రావద్దు. నేను వానాకాలం అన్నాను, వానాకాలం ఇప్పుడేగా మొదలైంది?" వాళ్లు బావ వంక చూశారు. బావ ఏదో అనబోయాడు.

"నువ్విటు రావయ్యా" అంది అక్క. "ఆ రెండో కర్ర పట్టుకో. తాడు పట్టించింది నువ్వేగా."

బావ ముఖం చూడాలి! వెళ్లి కర్ర పట్టుకున్నాడు. ఇద్దరం రోజంతా ఆ వాలులో అడుగడుగూ జరిగాం. తొలి చెట్టు పల్లం దగ్గరకొచ్చేసరికి గొట్టంలో నీళ్లు నన్ను గుట్ట వైపుకి పైకి, పైపైకి తీసుకెళ్లి, పెద్ద వంపు తిప్పి కిందకి దించాయి. సారు మొదట పోసిన ముగ్గు ఆనవాలు గడ్డిలో ఇంకా తెల్లగా ఉంది. నేను సరిగ్గా దాని మీదే నిలబడి ఉన్నాను.

జట్టు ముసలావిడ మళ్లీ వచ్చింది, ఈసారి గీత చూసి బుగ్గన వేలేసుకుంది. "ఓలమ్మో, ఇప్పుడు మన మేస్త్రీ కూడా పుచ్చుకున్నాడే!"

ఈసారి నేనూ నవ్వాను. గట్టు ఆ గీత మీద మళ్లీ వేశాం. దాని మీద ఆఫీసు వాళ్లిచ్చిన వట్టివేరు పిలకలు నాటాం. పిలకలు విడదీస్తుంటే ఆడవాళ్ల చేతులన్నీ వాసన, ఒకరి చేతులు ఒకరు వాసన చూసుకుంటూ పని మానేశారు కాసేపు.

ఆషాఢంలో పడింది రెండో పెద్ద వాన. వెలిసిన తర్వాత అక్కా నేనూ వెళ్లాం. వంకర గట్టు వెనక, ఈ కొస నుంచి ఆ కొస దాకా నీళ్లు నిలబడి ఉన్నాయి. అన్నిచోట్లా గట్టుకి బెత్తెడు కిందే, ఎక్కడా ఎక్కువా తక్కువా లేదు. వంపు దగ్గరా అంతే. అక్క చాలాసేపు చూసింది.

"ఇప్పుడు తిన్నగా ఉందిరా" అంది.

శ్రావణం మధ్యలో కొమ్మల చివర్ల నుంచి రాగిరంగు చిగురు తొంగి చూసింది. ముందు కింది వరసలో, తర్వాత అన్నిటికీ. అక్క కొబ్బరిపీచు పట్టుకుని చెట్టుచెట్టు దగ్గరా కూర్చుని ఆ కావిరంగు గీతలు తోముతుంటే, బకెట్టుతో నీళ్లు మోసింది బావే. పచ్చి పలకల మాట అతను మళ్లీ ఎత్తలేదు.

తొలి చెట్టుకి బదులు పెట్టమని సారు ఒక చిన్నరసం అంటు తెచ్చిచ్చాడు. చెయ్యి ఊరుకోదు కదా, తాడు పట్టుకెళ్లాను. పాత చోటు వానకి గొయ్యి పడింది కాబట్టి ఆ వరసలోనే ఎగువకి లాగి చూస్తే మొక్క చోటు సరిగ్గా కొత్త గట్టు మీదికొచ్చింది. "కాస్త గట్టు జరిపితే..." అని నోట్లోంచి వచ్చేసింది. అక్క గట్టుకి రెండు బారలు దిగువన, ఏ వరసకీ చెందని చోట, మడమతో నొక్కి చూపించింది. అక్కడ గుంట తీశాను. మొక్కను నిలబెట్టి మట్టి ఒత్తుతుంటే నా వేళ్లకి అది వరస తప్పుతున్నట్టు తెలుస్తూనే ఉంది.

ఏడాది తిరక్కుండా సారు బదిలీ మీద వెళ్లిపోయాడు. వెళ్లేలోపు అక్కకి చెప్పాను, ఆయనకి చెప్పాను. కానీ ఆ రోజు అక్కడ నిలబడ్డ ఆరిళ్ల వాళ్ల ముందు, ఆ తప్పు గట్ల ఆఫీసుది కాదు నాది అని నోరు తెరిచి చెప్పలేదు. ఇంట్లో చెప్పుకున్న మాట ఊళ్లోకి పోలేదు. బావ అన్న మాట మాత్రం ఊళ్లో ఉండిపోయింది. దాన్ని వాళ్లు పిల్లలకి చెప్పారు, ఆ పిల్లలే మొన్న మండలాఫీసులో తలలూపారు.

అక్క ఇప్పుడు లేదు. ఆ వాలులో వంకర గట్లున్నాయి, వట్టివేరు దుబ్బులు నడుమెత్తు పెరిగాయి. తోట పక్కనుంచి తారు రోడ్డు పడింది. వరస చూసే కన్నున్నవాళ్లు ఇంకా అక్కడక్కడా మిగిలే ఉన్నారు. మోటార్ సైకిల్ ఆపి, ఇంత చక్కటి తోటలో ఆ ఒక్క చెట్టూ పక్కకి పెట్టిందెవరండీ అని అడుగుతారు. నేనే అంటాను. ఎందుకని అడిగినవాణ్ని గట్టు మీద కూర్చోబెట్టి, గట్ల సారు సంగతి మొదట్నుంచీ చెప్తాను. తొందరుందని బండి స్టార్ట్ చేసినా సరే, తప్పెవరిదో చెప్పిందాకా హ్యాండిల్ వదలను.